యూనివర్సిటీ జీఎన్‌ఎస్‌ఎస్ ల్యాబ్‌తో బేస్ పాయింట్ కోఆర్డినేట్లు తీయించుకోవాలంటే ఎంతసేపు లాగ్ చేయాలి? ఎత్తు 75 మీటర్లు తక్కువ ఎందుకు వచ్చింది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో: హైదరాబాద్‌కు తూర్పున 40 కిలోమీటర్ల దూరంలో ఒక చెరువు ఆయకట్టుకి డ్రోన్ మ్యాప్ చేస్తున్నారు. దానికి ఆధారంగా నేల మీద కోఆర్డినేట్లు కచ్చితంగా తెలిసిన ఒక పాయింట్, అంటే బేస్ పాయింట్, కావాలి. చేతిలో డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవర్ (జీపీఎస్ లాంటి శాటిలైట్ల సిగ్నల్‌ను రెండు ఫ్రీక్వెన్సీల్లో అందుకునేది) ఒక్కటే ఉంది. రా డేటా పంపితే యూనివర్సిటీ ల్యాబ్ వాళ్లు ప్రాసెస్ చేసి కోఆర్డినేట్లు ఇస్తామన్నారు. ఎన్ని గంటలు పెట్టాలి, ఏమేం పంపాలి అన్నది మొదటి ప్రశ్న. ఇంతకుముందు ఒక విదేశీ ఆన్‌లైన్ సర్వీసుకు పంపితే గట్టు మీది బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు రాయి) కన్నా 75 మీటర్లకు పైగా తక్కువ ఎత్తు వచ్చింది, రిసీవర్ పాడైందా అన్నది రెండోది.

సూటిగా చెప్పాలంటే: ఒకే పాయింట్ మీద రెండు వేర్వేరు రోజులు, రోజుకు కనీసం 6 గంటలు, వీలైతే 8 గంటలు లాగ్ చేయండి. రైనెక్స్ ఫైలుతో (ఏ కంపెనీ రిసీవర్ డేటానైనా అన్ని సాఫ్ట్‌వేర్లూ చదవగలిగే ఫార్మాట్) పాటు యాంటెన్నా ఎత్తు, ఆ ఎత్తు ఎక్కడి వరకు కొలిచారు, యాంటెన్నా మోడల్ పూర్తి పేరు రాసి పంపండి. రిసీవర్ బాగానే ఉంది. అది ఇచ్చింది ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి దగ్గరగా లెక్కల్లో ఊహించుకున్న నున్నటి గోళం) మీది ఎత్తు, మీ బెంచ్‌మార్క్ మీద ఉన్నది సముద్రమట్టం నుంచి ఎత్తు. హైదరాబాద్ ప్రాంతంలో ఈ రెండింటికీ దాదాపు 76 మీటర్ల తేడా ఉంటుంది.

గంటల లెక్క ఎక్కడిదంటే, అమెరికా జాతీయ జియోడెటిక్ సర్వే వాళ్లు 2001లో ప్రచురించిన ఒక సూత్రం ఇప్పటికీ బాగా పనికొస్తుంది. అడ్డంగా వచ్చే పొరపాటు దాదాపు 10 మి.మీ.ని గంటల వర్గమూలంతో భాగిస్తే వచ్చేంత. నిలువుగా అయితే 36.5 మి.మీ.ని భాగించాలి. అంటే 4 గంటలకు ఎత్తులో 18 మి.మీ., 8 గంటలకు 13 మి.మీ., పూర్తి రోజుకు 7.5 మి.మీ. ఇవన్నీ ఒక సిగ్మా అంకెలు (అంటే మూడింట రెండుసార్లు పొరపాటు ఇంతలోపే ఉంటుంది), చెట్లూ గోడలూ లేని చోట. ఈ సూత్రం నాలుగు గంటలు, ఆ పైన పెట్టిన సెషన్లకే. గంటన్నర డేటాకు ఇదే సూత్రం వేసి మురిసిపోవద్దు, అక్కడ యాంబిగ్యుటీ (శాటిలైట్‌కీ రిసీవర్‌కీ మధ్య ఎన్ని పూర్తి సిగ్నల్ తరంగాలున్నాయన్న లెక్క) సరిగ్గా ఫిక్స్ కాకపోతే డెసిమీటర్లలో పోతుంది. రెండు రోజులు ఎందుకంటే, ఒక్క సెషన్‌లో ట్రైపాడ్ ఎత్తు తప్పు రాస్తే దాన్ని పట్టుకునే దారి ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేర్‌కీ లేదు. రెండో రోజు ట్రైపాడ్ తీసి, మళ్లీ పెట్టి, ఎత్తు మార్చి కొలిస్తేనే అది బయటపడుతుంది.

సమయం విషయంలో మన దగ్గర ఒక మెలిక ఉంది. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర. సూర్యాస్తమయం తర్వాత, ముఖ్యంగా మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్ నెలల్లో, రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా అయానోస్ఫియర్ (వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పై పొర) మరుగుతున్న నీళ్లలా ఉంటుంది. రెండో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ తెగిపోతూ ఉంటుంది, ఫైలు నిండా సైకిల్ స్లిప్పులు, అంటే తరంగాల లెక్క మధ్యలో తెగిపోయిన చోట్లు. ఉస్మానియా యూనివర్సిటీలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ వాళ్లు ఏళ్ల తరబడి ఇదే సబ్జెక్టు మీద ఉన్నారు. కాబట్టి ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 వరకు పెట్టుకోండి. ఇంకో లాభం కూడా ఉంది: శాటిలైట్ కక్ష్యల ఫైళ్లు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) రోజు ప్రకారం వస్తాయి. యూటీసీ అర్ధరాత్రి మనకు ఉదయం 5:30. దాన్ని దాటిన సెషన్ రెండు రోజుల మధ్య చీలిపోతుంది, కొన్ని సర్వీసులు అందులో ఒక ముక్కనే తీసుకుంటాయి.

పాయింట్ ఎక్కడ వేయాలి. చెరువు గట్టు మీద వేయాలనిపిస్తుంది, ఎత్తుగా ఉంటుంది కాబట్టి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అది పనికిరాదు. నీటి మీద పడి తిరిగొచ్చిన సిగ్నల్ కూడా యాంటెన్నాకు చేరుతుంది, ఎత్తులో సెంటీమీటర్లు ఊగుతాయి. రేకుల షెడ్డు, సెల్ టవర్, హైటెన్షన్ లైను పక్కన కూడా వద్దు. నల్లరేగడిలో సిమెంటు దిమ్మె పాతితే వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంగుతుంది. పాతక తప్పదంటే మొరం తగిలేదాకా తవ్వండి. మీ వైపు పరుపు బండ చాలాచోట్ల పైకే కనిపిస్తుంది. దానికి రంధ్రం వేసి ఇత్తడి బోల్టు దిగ్గొట్టి, నడుమ చుక్క పెట్టుకుంటే అంతకన్నా మంచి పాయింట్ ఉండదు. చుట్టూ 10–15 డిగ్రీల పైన ఆకాశం తెరిపిగా ఉండాలి.

ఇక అసలు గొడవంతా యాంటెన్నా ఎత్తు దగ్గరే. ల్యాబ్‌కు వచ్చే తప్పుల్లో శాటిలైట్లది, రిసీవర్‌ది చాలా తక్కువ. టేపుదీ కాగితందే ఎక్కువ. ఒక లెక్క చూడండి. నేల మీది చుక్క నుంచి యాంటెన్నా అంచు మీద గుర్తు వరకు టేపు ఏటవాలుగా పట్టుకుంటే 1.650 మీటర్లు వచ్చింది. యాంటెన్నా నడుమ నుంచి ఆ అంచుకు 15 సెం.మీ. అంటే నిట్టనిలువు ఎత్తు 1.650 వర్గం లోంచి 0.150 వర్గం తీసేసి వర్గమూలం కట్టాలి: 1.643. తేడా 7 మి.మీ. చిన్నదే అనిపిస్తుంది, కానీ కథ ఇక్కడితో అయిపోదు. ఆ అంచు గుర్తు యాంటెన్నా అడుగు తలం కన్నా పైన ఉంటుంది, ఎంత పైన అనేది కంపెనీ బొమ్మలో ఉంటుంది, దాన్ని కూడా తీసేయాలి. ల్యాబ్‌కు కావలసింది చుక్క నుంచి యాంటెన్నా అడుగు తలం వరకు నిట్టనిలువు ఎత్తు. దాన్నే ఏఆర్‌పీ అంటారు. మీరు లెక్క కట్టలేకపోతే కట్టొద్దు. ‘ఏటవాలుగా, ఫలానా గుర్తు వరకు, 1.650’ అని ఉన్నది ఉన్నట్టు రాసి, టేపు పట్టుకున్న ఫొటో జతచేయండి. ల్యాబ్‌లో వాళ్లు కట్టుకుంటారు. సెషన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, మూడు వైపుల నుంచి కొలవండి. మూడింటి మధ్య 2–3 మి.మీ. మించి తేడా ఉంటే ట్రైబ్రాక్ (ట్రైపాడ్ మీద యాంటెన్నాను లెవెల్ చేసే పీఠం) లెవెల్ తప్పింది. చివరి కొలత మొదటిదానికన్నా 5 మి.మీ. తక్కువైతే ట్రైపాడ్ కాలు దిగింది.

యాంటెన్నా మోడల్ ఎందుకంటారా? రిసీవర్ కొలిచేది యాంటెన్నా అడుగు వరకు కాదు, సిగ్నల్ అందుకునే ఒక ఊహా బిందువు వరకు. దాన్ని ఫేజ్ సెంటర్ అంటారు. అది అడుగు తలం నుంచి ఎన్నో సెంటీమీటర్ల పైన ఉంటుంది, శాటిలైట్ ఏ కోణంలో ఉందన్న దాన్ని బట్టి కాస్త జరుగుతూ కూడా ఉంటుంది. ఆ దిద్దుబాట్లు ఐజీఎస్ (అంతర్జాతీయ జీఎన్‌ఎస్‌ఎస్ సర్వీసు) వాళ్ల పట్టికలో ఉంటాయి. వాటిని కొలిచేది కూడా యూనివర్సిటీలే. జర్మనీలో హానోవర్ యూనివర్సిటీ రోబో చెయ్యికి యాంటెన్నా తగిలించి తిప్పుతుంది, బాన్ యూనివర్సిటీ ప్రతిధ్వని లేని గదిలో పెట్టి కొలుస్తుంది. మీ రైనెక్స్ ఫైలు తలభాగంలో యాంటెన్నా రకం అనే వరుస ఉంటుంది. అందులో రకానికి కేటాయించిన 20 అక్షరాల స్థానాల్లో మొదటి 16లో పేరు, 17 నుంచి 20 వరకు పై కప్పు కోడ్. కప్పు లేకపోతే అక్కడ ‘NONE’ అని ఉండాలి. ఒక్క ఖాళీ అటూ ఇటూ అయినా సాఫ్ట్‌వేర్‌కు పేరు దొరకదు. కొన్ని సర్వీసులు అప్పుడు ఫైలు తిప్పి పంపుతాయి. కొన్ని దిద్దుబాటు లేకుండానే లెక్క కట్టేస్తాయి. రెండోదే ప్రమాదం, ఎత్తులో 10 సెం.మీ. వరకు పోయినా రిపోర్టు చక్కగా కనిపిస్తుంది. చవక రిసీవర్లలో కొన్నింటి యాంటెన్నా ఏ పట్టికలోనూ ఉండదు. అలాంటిది మీదైతే ల్యాబ్‌కు ముందే చెప్పండి, వాళ్ల పిల్లర్ మీద తెలిసిన యాంటెన్నాతో పోల్చి చూడొచ్చు.

పంపాల్సినవి ఇవి:

– కంపెనీ రా ఫైలు, దాంతో పాటు రైనెక్స్. కంపెనీ కన్వర్టర్ లేకపోతే ఆర్‌టీకేలిబ్‌తో మార్చుకోవచ్చు. టోక్యో మెరైన్ యూనివర్సిటీలో పనిచేసిన టోమోజి టకాసు రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది.
– స్టాటిక్‌కు (రిసీవర్‌ను కదపకుండా పెట్టే లాగింగ్‌కు) 15 లేదా 30 సెకన్ల ఇంటర్వెల్ చాలు. డ్రోన్ ఎగిరేటప్పుడు మాత్రం బేస్ 1 సెకనులో ఉండాలి. రెండూ ఒకే రోజైతే 1 సెకనులోనే పెట్టేయండి, ల్యాబ్ పలచబరుచుకుంటుంది.
– ఫీల్డ్ షీటు ఫొటో: పాయింట్ పేరు, తేదీ, మొదలు–ముగింపు సమయం (భారత కాలమానమా, యూటీసీయా రాయండి), ఎత్తు, రిసీవర్ సీరియల్ నంబరు.
– కోఆర్డినేట్లు ఏ ఫ్రేములో (కోఆర్డినేట్లను లెక్కగట్టే మూల చట్రం), ఏ ఎపోక్‌లో (అవి ఏ తేదీ నాటి స్థానాన్ని చెబుతాయి) కావాలో ఒక లైను.

ఆ చివరి లైను చాలామంది రాయరు. మన నేల ఏడాదికి దాదాపు 5 సెం.మీ. చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది. హైదరాబాద్‌లో ఉప్పల్ రోడ్డు ఎన్‌జీఆర్‌ఐలోను, బెంగళూరు ఐఐఎస్‌సీలోను ఉన్న ఐజీఎస్ స్టేషన్ల డేటాలో ఇది గీత గీసినట్టు కనిపిస్తుంది. నెవాడా యూనివర్సిటీ, రీనోలోని జియోడెటిక్ ల్యాబ్ ప్రపంచమంతా 17 వేలకు పైగా స్టేషన్ల డేటాను ప్రాసెస్ చేసి రోజువారీ కోఆర్డినేట్లను ఉచితంగా పెడుతుంది. అక్కడ హైదరాబాద్ స్టేషన్ గ్రాఫు తెరిచి చూడండి, నా మాట కన్నా అదే బాగా చెబుతుంది. ఇప్పుడు మీ ల్యాబ్ ‘ఐటీఆర్‌ఎఫ్2020 (అంతర్జాతీయ ఫ్రేము), కొలిచిన రోజు ఎపోక్’లో ఇచ్చిందనుకోండి. పక్క ఊరి మ్యాపు 20 ఏళ్ల కిందటి ఎపోక్‌కు కట్టిన నెట్‌వర్క్ మీద ఉందనుకోండి. రెండూ ఒప్పే, కానీ పక్కపక్కన పెడితే హద్దు మీటరు జరుగుతుంది. సర్వే ఆఫ్ ఇండియాకు దేశమంతటా వెయ్యికి పైగా కార్స్ స్టేషన్లు (ఆగకుండా డేటా రికార్డు చేసే స్థిర రిసీవర్లు) ఉన్నాయి. మీ మ్యాపు రెవెన్యూ వాళ్ల మ్యాపుతో కలవాలంటే వాళ్ల ఫ్రేము, ఎపోక్ కనుక్కుని ల్యాబ్‌కు చెప్పండి. మార్చడం వాళ్లకు రెండు నిమిషాల పని. పాత టోపోషీట్లతో కలపాలంటే అది వేరే కథ. అవి ఎవరెస్ట్ డేటమ్ అనే పాత మూల చట్రం మీద ఉన్నాయి, తేడా వంద మీటర్ల పైమాటే.

ఎత్తు సంగతి. మీది ఆయకట్టు పని కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. నీళ్లు ఎలిప్సాయిడ్‌ను చూసి పారవు, జియాయిడ్‌ను (సముద్రమట్టాన్ని నేల కింద కూడా పొడిగిస్తే వచ్చే తలం) చూసి పారతాయి. మన జియాయిడ్ ఎలిప్సాయిడ్ కన్నా కిందికి కుంగి ఉంటుంది: హైదరాబాద్‌లో 76 మీటర్లు, బెంగళూరులో 86 మీటర్ల దాకా. ‘సరే, అంతా 76 కలిపేస్తా’ అనుకోవద్దు. ఆ రెండు ఊళ్ల మధ్య 500 కిలోమీటర్లకు 10 మీటర్ల తేడా అంటే సగటున కిలోమీటరుకు 2 సెం.మీ. వాలు. మీ పిల్లకాలువ వాలు 1:5000 అయితే కిలోమీటరుకు 20 సెం.మీ. మాత్రమే. ఒకే అంకె కలిపితే అందులో పదోవంతు అక్కడే తప్పింది. అందుకే ఈజీఎం2008 లాంటి జియాయిడ్ మోడల్ వాడాలి. అది వాలును బాగానే ఇస్తుంది, మొత్తంగా మాత్రం కొన్ని డెసిమీటర్లు పైకో కిందికో ఉండొచ్చు. ఆ మిగులును స్థానిక బెంచ్‌మార్కులతో తీసేయాలి.

ఎలాగంటే, ఆయకట్టు చుట్టూ కనీసం మూడు బెంచ్‌మార్కుల మీద రిసీవర్ పెట్టండి. ఊహా అంకెలతో: మొదటి దాని మీద జీఎన్‌ఎస్‌ఎస్ ఎత్తు 431.212, బెంచ్‌మార్క్ ఎత్తు 506.934. తేడా మైనస్ 75.722. మోడల్ చెప్పింది మైనస్ 75.410. మిగులు మైనస్ 0.312. రెండో దాని మీద మిగులు మైనస్ 0.298, మూడో దాని మీద మైనస్ 0.305 వస్తే సగటు మైనస్ 0.305ను మోడల్‌కు కలిపి హాయిగా వాడుకోండి. అలా కాక మూడోది మైనస్ 0.190 వచ్చిందా, సగటు తీయొద్దు. ఆ బెంచ్‌మార్క్ రాయి కదిలి ఉండొచ్చు, లేదా రోడ్డు వేసినప్పుడు ఎవరో పీకి మళ్లీ నాటి ఉండొచ్చు. లెవెల్ మెషీన్‌తో పక్క బెంచ్‌మార్క్ నుంచి తెచ్చి చూసుకోండి.

రిపోర్టు వచ్చాక ఏం చూడాలి? సిగ్మా అంకెలు చూసి మోసపోవద్దు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే 1–2 మి.మీ. చాలా ఆశావాదం, మూడు నుంచి అయిదు రెట్లు చేసుకోండి. అంతకన్నా ముఖ్యం యాంబిగ్యుటీలు ఎంత శాతం ఫిక్స్ అయ్యాయన్నది. ఆస్ట్రేలియా వాళ్ల ఆస్‌పోస్ సర్వీసు 50 శాతం, ఆపైన ఉంటే నమ్మొచ్చంటుంది. రెండు రోజుల ఫలితాల మధ్య అడ్డంగా 1 సెం.మీ., ఎత్తులో 3 సెం.మీ. లోపు తేడా ఉంటే పాయింట్ పాసైనట్టే. అడ్డంగా సరిపోయి ఎత్తు ఒక్కటే 7–8 సెం.మీ. తేడా వస్తే యాంటెన్నా ఎత్తు దగ్గరే వెతకండి. ఏ కక్ష్యలతో చేశారో కూడా చూడండి. ఐజీఎస్ ఫైనల్ కక్ష్యలు రెండు వారాలకు అటూ ఇటూ వస్తాయి, రాపిడ్ మర్నాటికే వస్తాయి. నిజానికి మీ పనికి రాపిడ్ చాలు, తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ఈ కక్ష్యలు లెక్కగట్టే వాళ్లలోనూ బెర్న్, ఎంఐటీ, వుహాన్ లాంటి యూనివర్సిటీలు ఉన్నాయి. ఎవరో ఉచితంగా ఇస్తున్నారు కదా అని మనం పట్టించుకోం గానీ, ఈ రంగం నడుస్తున్నదే అలాంటి ల్యాబుల మీద.

కోఆర్డినేట్లు ల్యాబ్ నుంచి వచ్చేదాకా డ్రోన్ ఆపాల్సిన పని లేదు. మీరు పీపీకే (ఎగరేశాక డ్రోన్ డేటాను బేస్ డేటాతో కలిపి దిద్దే పద్ధతి) చేస్తుంటే ముందు ఎగరేసి, తర్వాత బేస్ కోఆర్డినేట్ మార్చి మళ్లీ ప్రాసెస్ చేసుకోవచ్చు. బేస్ విలువ 10 మీటర్లు తప్పున్నా కిలోమీటరు దూరంలో అర మిల్లీమీటరు వక్రీకరణే వస్తుంది, మ్యాపు మొత్తం పక్కకు జరుగుతుంది తప్ప ఆకారం చెడదు. అదే బోల్టు మీద ఇంకో రోజు ట్రైపాడ్ పెట్టి ఎగరేస్తే మాత్రం ఎత్తు మళ్లీ కొలవండి. నిన్నటి ఎత్తు ఈరోజు ఫైలుకు రాసేయడం అందరూ చేసే తప్పే.

అక్షాంశ రేఖాంశాలను ఎక్సెల్‌లో పెట్టేటప్పుడు దశాంశం తర్వాత 8 అంకెలు ఉంచండి. అయిదే ఉంచితే మీటరు పోయినట్టే. యూటీఎం (చదునైన మ్యాపు మీద మీటర్లలో చూపే గ్రిడ్) 44వ జోన్‌లోకి మార్చాక కొలిచిన దూరాలు టేపుతో సరిపోవు, కంగారు పడొద్దు. హైదరాబాద్ రేఖాంశం దగ్గర కిలోమీటరుకు దాదాపు 40 సెం.మీ. ఎక్కువ చూపిస్తుంది. తూర్పుకు వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది. కాలువ పొడవులు ఇచ్చేటప్పుడు ఈ స్కేల్ తీసేసి ఇవ్వండి, బిల్లులు దాని మీదే పడతాయి.

విదేశీ ఆన్‌లైన్ సర్వీసులు వాడొచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంది. సాంకేతికంగా చూస్తే కెనడా వాళ్లది, ఆస్ట్రేలియా వాళ్లది, న్యూ బ్రన్స్‌విక్ యూనివర్సిటీది, అన్నీ మంచివే, నేర్చుకోవడానికి తప్పక వాడండి. కానీ కేంద్ర ప్రభుత్వ 2021 ఫిబ్రవరి మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కన్నా సూక్ష్మమైన మ్యాపింగ్ డేటాను దేశంలోనే నిల్వ చేయాలి, దేశంలోనే ప్రాసెస్ చేయాలి. మీది నీటిపారుదల శాఖ పనైతే ఫైలు బయటి సర్వర్‌కు ఎక్కించే ముందు వాళ్లతో రాతపూర్వకంగా మాట్లాడుకోండి. ఇక్కడి యూనివర్సిటీ ల్యాబ్‌ను పట్టుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

రా ఫైలు, ఫీల్డ్ షీటు మాత్రం చెరిపేయకండి. ఐజీఎస్ 2022 నవంబర్ 27న కొత్త ఫ్రేముకు మారింది, దాంతో పాటు యాంటెన్నా పట్టిక కూడా మారింది. రేపు ఇంకోటి వస్తుంది. అప్పుడు రా ఫైలు ఉంటే మళ్లీ ప్రాసెస్ చేయిస్తే సరిపోతుంది, లేకపోతే మళ్లీ ట్రైపాడ్ మోసుకుని బండ ఎక్కాలి.